ఘాట్ రోడ్ల మీద పాత బండి: ఇంజను కంటే ముందు చూడవలసినవి

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సొంత బండి నిత్యావసరం. పెద్దాసుపత్రి పని పడితే విజయనగరమో విశాఖపట్నమో దిగాలి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ సాలూరు, పార్వతీపురం, పాతపట్నం వైపు వెళ్లాలి. వ్యాపారం ఉన్నవారు వారం వారం సంతలకు సరుకు చేర్చుకోవాలి. ఈ పనులన్నీ పదిహేనేళ్లు నిండిన బొలేరోలు, పాత కమాండర్ జీపులు, మారుతి ఓమ్నీలు, 800లు నేటికీ చేస్తున్నాయి. కొత్త బండి కొనే స్తోమత లేక కొందరు, ఉన్న బండి మీద గురి కొద్దీ మరికొందరు వాటిని నడుపుకుంటూ వస్తున్నారు. ఇందులో తప్పేమీ లేదు. సరిగ్గా చూసుకుంటే పాత బండి రోజువారీ పనికి అక్కరకు వస్తుంది.

అయితే అలాంటి బండి విషయంలో యజమాని శ్రద్ధా, డబ్బూ సాధారణంగా ఇంజను వైపే పోతాయి. పొగ వస్తోందని, పికప్ తగ్గిందని, ఆయిల్ తాగుతోందని ఇంజను దింపించి వేలకు వేలు పోస్తారు. అదే బండికి బ్రేక్ ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో గుర్తుండదు, వెనక బరువు మోసే కమాన్ పట్టీల దగ్గర చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) ఏ స్థితిలో ఉందో వంగి చూసినవారుండరు. మలుపుల ఘాట్లు, ఎర్ర బురద, నాలుగు నెలల ముసురు ఉన్న ఈ ప్రాంతంలో ఖర్చు పెట్టవలసిన క్రమం వేరు. మొదట బండి ఆగడం, తరువాత ఇంజను వేడెక్కకుండా ఉండడం, ఆ తరువాత బండిని మోసే ఇనుము, దానితోపాటు కాగితాలు చూడాలి. ఇంజను లోపలి అరుగుదల వీటన్నిటి తరువాత వస్తుంది. అది చాలాకాలం ఓర్చుకోగల లోపం, మిగిలినవి ఓర్చుకోలేనివి.

మీటరు చెప్పని సంగతులు

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి అనగానే దాని అరుగుదల అంతా ఆ అంకెలో ఉన్నట్టు భావిస్తారు. ఆ అంకె ఒక్కటే చాలదు. విజయనగరం, శ్రీకాకుళం మధ్య చదునైన రహదారి మీద పై గేరులో సాగిన కిలోమీటరూ, సాలూరు దాటి సుంకి ఘాట్‌లో రెండో గేరులో ఎక్కిన కిలోమీటరూ ఒకటి కావు. పై గేరుతో పోలిస్తే రెండో గేరులో కిలోమీటరుకు ఇంజను రెండింతలకు పైగా తిరుగుతుంది. బరువు ఎక్కువ, ఎదురుగాలి తక్కువ, క్లచ్ వాడకం ఎక్కువ. కాబట్టి అంతే దూరం తిరిగిన రెండు బండ్లలో ఘాట్‌లో తిరిగినదానికి క్లచ్ ప్లేటు, గేరు బాక్సు బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, బ్రేకు లైనర్లు చాలా ముందే మరమ్మతుకు వస్తాయి.

ఇక దూరంతో సంబంధం లేకుండా ఏళ్లతో పాతబడేవి కొన్ని ఉన్నాయి. రేడియేటర్ హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు, బ్రేకు సిలిండర్లలోని రబ్బరు సీళ్లు, ఇంజను మౌంటింగులు, టైర్లు ఇలాంటివి. ఇంటి ముందు నిలబడి ఉన్నా ఇవి గట్టిపడతాయి, పగులుతాయి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు నిండుగా ఉన్నా పక్కగోడలో సన్నని పగుళ్లు వచ్చిన టైరును ఘాట్‌లో నమ్మకూడదు. గీతల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారం కూడా ఆ టైరు కార్లకు పనికిరాదు.

పాత జీపుల్లో మీటరు కేబులు తెగిపోయి ఏళ్ల తరబడి అలాగే వదిలేసినవి ఉంటాయి గనుక, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి ఆ అంకె మీద ఆధారపడే వీలే ఉండదు. దానికంటే ఒక చిన్న పుస్తకం నమ్మదగినది. డీజిల్ ఫుల్ ట్యాంకు కొట్టించిన ప్రతిసారీ తేదీ, మీటరు, లీటర్లు రాసుకుంటూ, ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఏ భాగం ఎప్పుడు వేశారో అందులోనే గుర్తుపెట్టుకుంటే, లీటరుకు వచ్చే మైలేజీ నెల నెలా తగ్గుతోందా లేదా అన్నది దానంతట అదే తెలిసిపోతుంది. మైలేజీ తగ్గడానికి పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, నిండిపోయిన ఎయిర్ ఫిల్టరు, డీజిల్‌ను సరిగా చిమ్మని నాజిల్ వంటి చవక కారణాలు చాలా ఉంటాయి. ఇంజను దాకా వెళ్లే ముందు వాటిని తోసిపుచ్చుకోవాలి.

ఎత్తు మీద మరిగే నీరు

సాలూరు వైపు మైదానం సముద్ర మట్టానికి 200 మీటర్ల లోపు ఎత్తులో ఉంటే, కోరాపుట్ పట్టణం 870 మీటర్ల దాపుల్లో ఉంది. ఆ ఎత్తున మామూలు నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఇంజను పనిచేసే మామూలు వేడి 85, 90 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే రక్షణ లేకపోతే మధ్యన మిగిలే వెసులుబాటు పది డిగ్రీలే. ఆ రక్షణను ఇచ్చేది రేడియేటర్ మూత. లోపలి స్ప్రింగు 0.9 బార్ ఒత్తిడి వరకు ఆవిరిని ఆపి ఉంచితే ఆ ఎత్తులోనూ నీరు 117 డిగ్రీల దాకా మరగదు. కొన్ని వందల రూపాయల ఈ మూతలో రబ్బరు వాషరు గట్టిపడినా, స్ప్రింగు మెత్తబడినా ఆ వెసులుబాటు మొత్తం పోతుంది. బండి మైదానంలో బాగానే నడుస్తుంది, ఘాట్ సగం ఎక్కేసరికి మరిగిపోతుంది. దాన్ని చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగమైన హెడ్ కింద బిగించే పొర) పోయిందనుకుని హెడ్ దింపించడం సర్వసాధారణం. మూత మార్చి చూడటం మొదటి పని కావాలి.

కూలెంటు బదులు బోరు నీళ్లు పోయడం రెండో అలవాటు. భూగర్భ జలంలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో గారకడతాయి, ఇంజను లోపలి ఇనుమూ, హెడ్‌లోని అల్యూమినియమూ తుప్పు పడతాయి. మరిగే ఉష్ణోగ్రతను కాస్త పెంచడం కూలెంటు చేసే చిన్న మేలు, తుప్పును ఆపడం పెద్ద మేలు. అది కూడా శాశ్వతం కాదు. రెండు మూడేళ్లకు తుప్పును ఆపే రసాయనాలు అయిపోతాయి. రంగు ఉంది కదా అని కొనసాగించకూడదు.

మూడో అలవాటు మరింత హానికరమైనది. బండి వేడెక్కుతోందంటే, ఇంజను తగినంత వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును పీకి పారేస్తారు. ఎక్కుడులో కాస్త ఉపశమనం కనిపించే మాట నిజమే. కానీ అదే బండి తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగేటప్పుడు ఇంజను మీద బరువు ఉండదు, ఎదురుగాలి బలంగా తగులుతుంది, నీరు అడ్డు లేకుండా తిరుగుతూ ఇంజను అవసరానికి మించి చల్లబడిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొట్టంగి, సిమిలిగుడ వైపు పొద్దుటి చలిలో అయితే ఇంజను వేడెక్కడానికే చాలా దూరం పడుతుంది. చల్లని ఇంజనులో డీజిల్ పూర్తిగా కాలక బోరు (పిస్టన్ కదిలే సిలిండరు) గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది, తేమ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతుంది, రింగులూ బోరూ త్వరగా అరుగుతాయి. వేడి తగ్గించడానికి తీసిన వాల్వు బోరు పనిని దగ్గర చేస్తుందన్నమాట. వేడెక్కడానికి అసలు కారణం గారకట్టిన రేడియేటర్‌లోనో, వదులైన ఫ్యాన్ బెల్టులోనో, రెక్కలు అరిగిన వాటర్ పంపులోనో ఉంటుంది. రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టి, పురుగులు, గడ్డి విత్తనాలు కూడా కారణమే. అక్కడికి వెళ్లి సరిచేయించి వాల్వును తిరిగి పెట్టించాలి.

దారిలో మరిగిన బండి మూతను వెంటనే తెరవడం వల్ల ముఖం, చేతులు కాలినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఒత్తిడిలో ఉన్న నీరు మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతుంది. అరగంట ఆగితే పోయేదేమీ లేదు.

దిగుడులో బ్రేకు మోసే భారం

జనంతో, సామానుతో కలిపి రెండు టన్నుల బరువున్న బండి 700 మీటర్ల ఎత్తు నుంచి మైదానానికి దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 13.7 మెగాజౌళ్లు. సుమారు 43 లీటర్ల నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా కాచడానికి అది సరిపోతుంది. ఆ వేడి అంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. గేరులో దిగితే పెద్ద భాగం ఇంజనులో పోతుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం బ్రేకు డిస్కులు, డ్రమ్ములు మోయాలి. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు పట్టుబట్టడానికి ఉన్న కారణం ఇదే. ఆ సలహా ఇప్పటికీ అక్షరాలా పాటించదగినది.

డీజిల్ ఆదా అవుతుందని ఘాట్ దిగుడులో ఇంజను ఆపేసే అలవాటు ఈ రోడ్ల మీద ఇంకా కనిపిస్తుంది. దీని ప్రమాదం చాలామందికి అర్థం కావడం లేదు. బ్రేకు పెడలును తేలిక చేసేది వాక్యూమ్ బూస్టరు. చాలా డీజిల్ బండ్లలో దానికి కావలసిన వాక్యూమ్‌ను డైనమోతో కలిసి తిరిగే చిన్న పంపు తయారు చేస్తుంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టరులో నిలవున్న వాక్యూమ్ రెండు మూడు బ్రేకులకు సరిపోతుంది, తరువాత పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. పవర్ స్టీరింగు ఉంటే అదీ బరువెక్కుతుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగు లాక్ పడే అవకాశం కూడా ఉంది. మిగిలే డీజిల్ విలువ ఎంత, ఎదురుగా బాక్సైటు లోడుతో వచ్చే లారీ బరువు ఎంత అని ఒక్కసారి పోల్చుకుంటే చాలు.

బ్రేక్ ఆయిల్ విషయం దీనికంటే తక్కువ తెలిసినది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరిన కొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా, తేమ పట్టాక 140 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. డాట్ 4 అయితే ఆ అంకెలు 230, 155. వర్షాకాలంలో ఇక్కడి గాలిలో తేమ ఎంత ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఐదారేళ్లుగా మార్చని ఆయిల్‌తో ఘాట్ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే చక్రం దగ్గర అది మరిగి బుడగలు కడుతుంది. బుడగ నలుగుతుంది గానీ ఒత్తిడిని అందించదు. పెడలు నేల దాకా వెళ్లిపోతుంది, బండి ఆగదు. కాసేపటికి చల్లబడితే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది గనుక మెకానిక్కుకు చూపించినప్పుడు లోపం కనిపించదు. రెండేళ్లకొకసారి పాత ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించి ఎయిర్ తీయించడం చవకైన పని. పాత బండికి చేసే ఖర్చుల్లో ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఎక్కువ భద్రత ఇచ్చేది మరొకటి లేదు.

బ్రేకుల స్థితిని ఇంటి ముందే తెలుసుకునే పరీక్షలు రెండున్నాయి. ఇంజను ఆపి ఉంచి పెడలును గట్టిపడే దాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఆనించి ఇంజను స్టార్ట్ చేయాలి. పెడలు కాస్త కిందికి దిగితే బూస్టరు బాగుంది, కదలకపోతే బూస్టరో, వాక్యూమ్ పైపో, పంపో దెబ్బతింది. రెండోది, ఇంజను నడుస్తుండగా పెడలును ఒకే ఒత్తిడితో నిమిషంపాటు నొక్కి ఉంచాలి. అది మెల్లగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండరులో సీళ్లు లోపలే కారుతున్నాయని అర్థం. బయట చుక్క కూడా కనిపించదు గనుక దీన్ని ఇలాగే పట్టుకోవాలి. వెనక చక్రాల లోపలి వైపు తడి చారలు కనిపిస్తే వీల్ సిలిండరు కారుతోంది. ఆ ద్రవం లైనరు మీద పడితే బండి ఒక పక్కకు లాగుతుంది. ఎక్కుడులో ఆగి మళ్లీ కదలాలంటే హ్యాండ్ బ్రేకే దిక్కు. దాని కేబులు తుప్పుపట్టి పట్టేసినా పట్టించుకోకపోవడం మైదానంలో చెల్లుతుందేమో గానీ ఇక్కడ చెల్లదు.

బండిని మోసే ఇనుము

కోరాపుట్ ప్రాంతంలో ఏటా 1,500 మిల్లీమీటర్ల దాపుల్లో వర్షం పడుతుంది, అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగిన బండి కింద ఆ మట్టి దళసరి పెళ్లలుగా పట్టుకుంటుంది. మట్టిలో తడి ఉంటుంది, తడి పోవడానికి గాలి తగలదు. పైన ఎండ కాస్తున్నా కింద ఇనుము నెలల తరబడి తడిలోనే ఉంటుంది. గంజాం జిల్లాలో గోపాలపూర్ వైపు ఉన్నవారికి దీనికి తోడు సముద్రపు ఉప్పుగాలి కలుస్తుంది. అక్కడ రెండు, మూడేళ్లు ముందే తుప్పు కనిపించినా ఆశ్చర్యం లేదు.

బొలేరో, పాత జీపుల వంటి బండ్లలో ఇంజను, గేరు బాక్సు, బాడీ అన్నీ రెండు పొడవాటి ఉక్కు దూలాల మీద కూర్చుంటాయి. చూడవలసిన చోటు వెనక చక్రానికి ముందూ వెనకా, కమాన్ పట్టీల కొసలు చాసిస్‌కు బిగించిన బ్రాకెట్ల దగ్గర. అక్కడ రెండు రేకులు ఒకదానిపై ఒకటి కలుస్తాయి, మధ్యలో నీరు నిలుస్తుంది, బరువంతా అక్కడే పడుతుంది. వాటర్ సర్వీసింగ్ చేయించిన మరునాడు, బండి పూర్తిగా ఆరాక, టార్చి లైటూ, చిన్న సుత్తీ, పాత స్క్రూ డ్రైవరూ తీసుకుని కిందికి దూరాలి. బండిని జాకీ మీదే వదిలి ఎన్నడూ దూరకూడదు, కింద గట్టి స్టాండ్లు ఉండాలి. మిగిలిన మట్టిని గీకి సుత్తితో మెల్లగా తడుతూ పోతే మంచి ఇనుము కణకణమంటుంది, లోపల తుప్పు తిన్న ఇనుము మందంగా, మొద్దుగా మోగుతుంది. పైన పెయింటు ఉబ్బిన చోట స్క్రూ డ్రైవరు కొసతో నొక్కితే గోధుమరంగు పొరలు పెచ్చులుగా లేస్తాయి. పెచ్చులు లేచాక కింద మెరిసే ఇనుము తగిలితే అది పై తుప్పు, దానికి చికిత్స ఉంది. కొస లోపలికి దిగిపోతే ఆ భాగం బలం పోయినట్టే.

పై తుప్పుకు చేయవలసిన పని కష్టమేమీ కాదు. వైరు బ్రష్షుతో గోకి, పొడిగా తుడిచి, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు, దానిపైన అండర్ కోటింగు వేయించాలి. తడి ఉండగా, మట్టి ఉండగా పైన నల్లటి కోటింగు కొట్టించడం మాత్రం చేయకూడదు, అది లోపలి తడిని బంధించి తుప్పును వేగవంతం చేస్తుంది. వర్షాకాలం ముందు వాడేసిన ఇంజను ఆయిల్‌ను చాసిస్ మీద స్ప్రే చేయించే పద్ధతి కూడా ఉంది. ఆయిల్ పొర తుప్పును కొంత అడ్డుకుంటుంది గానీ, బుష్షుల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం, ఆ నూనె చివరికి వాననీటితో పొలాల్లోకీ వాగుల్లోకీ చేరుతుంది. ఈ పద్ధతిని మానుకోవడమే మంచిది. చాసిస్ పెట్టెల్లోనూ తలుపుల అడుగునా నీరు పోవడానికి పెట్టిన రంధ్రాలు మట్టితో పూడిపోకుండా ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేస్తే ఇంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది. దానికి ఖర్చు కూడా లేదు.

స్క్రూ డ్రైవరు కొస దిగిపోయిన చోట పైన పట్టీ వేసి వెల్డింగు చేయిస్తే సరిపోతుందని అనుకుంటారు. తిన్న ఇనుము మీద వేసిన వెల్డింగుకు పట్టు ఉండదు. ఆ భాగాన్ని మంచి ఇనుము వచ్చేదాకా కోసి తీసేసి, సమానమైన మందం గల ఉక్కును లోపలా బయటా కలిపి కట్టగల అనుభవం లారీ చాసిస్‌ల పని చేసేవారి దగ్గర దొరుకుతుంది. లారీల పనికి పేరున్న సాలూరు ఈ జిల్లాలకు దగ్గరలో ఉండటం ఒక సౌకర్యం. ఆర్క్ వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు రెండూ తీసేయాలి, లేకపోతే డైనమో, కంప్యూటరు ఉన్న బండ్లలో అదీ కాలిపోవచ్చు. ఓమ్నీ, 800 వంటి వాటికి వేరే చాసిస్ ఉండదు, బాడీ రేకే బండిని మోస్తుంది. వాటిలో తలుపుల కింది పట్టీలు, నేల రేకు, ముందు షాకబ్జర్లు బిగించే చోట్లు తినేస్తే మరమ్మతు చాలా సందర్భాల్లో డబ్బు దండగ. అదే స్థితిలో ఉన్న బండికి కొత్తగా బోరు చేయించినవారు కూడా ఉన్నారు. ఇంజను మరో పదేళ్లు నడుస్తుంది, దాన్ని మోసే రేకు రెండు వర్షాకాలాలు కూడా నిలవదు.

ఇంజనుకు ఎంత, ఎప్పుడు

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తాగే డీజిల్ ఇంజనును తీసుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగితే పైపోత 6 లీటర్లు. లీటరు 350 రూపాయలనుకుంటే ఏడాదికి 2,100. పిస్టన్లు, రింగులు, బోరు, బేరింగులు, లేతు పని, కూలి అన్నీ కలిపి 60,000 అవుతుందనుకుంటే ఆ డబ్బుతో ఇరవై ఎనిమిదేళ్ల పైపోత వస్తుంది. ఈ లెక్క తెలిశాక ఆయిల్ తాగడం ఒక్కటే కారణంగా ఇంజను దింపించడం ఎవరికీ తోచదు. గేజ్ కర్రను ప్రతి ఆదివారం చూసి, కింది గీత తాకకముందే పోసుకుంటూ, మార్చవలసిన గడువుకు ఆయిల్‌నూ ఫిల్టరునూ మార్చుకుంటూ పోవచ్చు. పైపోత పోస్తున్నాం గనుక మార్చనక్కరలేదన్న వాదన తప్పు. పాత ఆయిల్‌లోని మసి, లోహపు రజను అలాగే ఉండిపోతాయి.

పొగ రంగును చదవడం నేర్చుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే సాధారణంగా వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అర్థం, బోరు బాగానే ఉండవచ్చు. ఎక్కుడులో నల్లపొగ అంటే డీజిల్ పూర్తిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, పంపు చూపించాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ కూలెంటు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. అనుమానం తీర్చుకోవడానికి కంప్రెషన్ పరీక్ష చేయించాలి. పెట్రోలు బండిలో ఒత్తిడి తక్కువ వచ్చిన సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే, ఒత్తిడి పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. ఇంత చిన్న పరీక్ష చేయకుండా ఇంజను విప్పడానికి తొందరపెట్టే షెడ్డు నుంచి బండిని వెనక్కి తెచ్చుకోవడం మేలు.

ఓర్చుకోకూడని గుర్తులు కూడా ఉన్నాయి. వేడి ఇంజను స్లోలో ఉండగా ఆయిల్ లైటు మిణుకుమిణుకుమనడం, అడుగు నుంచి టకటకమనే బరువైన శబ్దం, ఆయిల్ పాలటీ రంగులోకి మారడం. ఇవి కనిపిస్తే బండిని అక్కడే ఆపాలి. వాల్వులను తిప్పే టైమింగు బెల్టు (కామ్ బెల్టు) ఉన్న ఇంజన్లలో దాని గడువును దాటనివ్వకూడదు. పాత ఇండికా డీజిల్ వంటి వాటిలో అది తెగితే పిస్టన్లకు వాల్వులు తగిలి వంగుతాయి, కొన్ని వేలతో పోయే పని ఇంజను పనిగా మారుతుంది.

పెట్రోలు బండ్లకు కొత్తగా వచ్చిన సమస్య ఇథనాల్. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో దాని వాటా 2025 నాటికి 20 శాతానికి చేరింది. కార్బురేటరు ఉన్న పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. వాటిని కొత్తరకం పైపులతో మార్పించడం, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకపోవడం ముందుజాగ్రత్త.

విడిభాగాల సంగతికొస్తే, పాత మోడళ్లకు కావలసినవి రాయగడలోనో జయపురంలోనో దొరకకపోతే విశాఖ ఆటోనగర్ నుంచి బస్సు పార్సిల్ మీద వస్తాయి. యాంత్రిక పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్లకు ఇక్కడి మెకానిక్కులు పనిచేయగలరు. వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో పనిచేసే కామన్ రైల్ ఇంజన్లకు కల్తీ డీజిల్ ఒక్క ట్యాంకు చాలు, ఇంజెక్టర్లు పోతాయి, పని కూడా పెద్ద ఊళ్లలోనే జరుగుతుంది. ఊరికి దూరంగా ఉండేవారు సెకండ్ హ్యాండ్ బండి ఎంచుకునేటప్పుడు ఈ తేడాను తూచుకోవాలి. బ్రేకు, స్టీరింగు భాగాల్లో మాత్రం నకిలీ సరుకు ఏ ధరకు దొరికినా కొనకూడదు.

ఏ మరమ్మతూ ఇవ్వలేనిది ఒకటుంది. మన దేశంలో కార్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అదే ఏడాది జూలై నుంచి డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండ్లలో చాలావాటికి ఇవి లేవు. వెనక సీట్లకు బెల్టులు లేకపోతే పెట్టించుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు, రాత్రి ఘాట్ మానుకోవచ్చు. పిల్లలతో తరచూ ఘాట్ దాటవలసిన కుటుంబం ఈ లోటును మరమ్మతు ఖర్చుల లెక్కతో పాటు గట్టిగా ఆలోచించుకోవాలి.

కాగితాల గడువు

సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తరువాత తనిఖీకి చూపించి ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపులకు ఈ ఫీజు 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద నిషేధం అని వినిపించేది ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించిన ఉత్తర్వులు. వాటిని విని ఒడిశాలో బండిని అగ్గువకు అమ్ముకోవలసిన పనిలేదు. గడువు ముగియడానికి రెండు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు గనుక, చాసిస్ తనిఖీ, బ్రేకుల పని ఆ సమయానికి ముందుగా చేయించుకుంటే ఐదేళ్ల ఫీజు, ఆ పనుల ఖర్చు కలిపి ఒకే నిర్ణయంగా చూడవచ్చు. బీఎస్-4 కాలుష్య ప్రమాణం కంటే పాత బండ్లకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఆరు నెలలకొకసారి తీసుకోవాలి. ఐదేళ్లు దాటిన బండి విలువను బీమా కంపెనీతో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. థర్డ్ పార్టీ బీమా మాత్రం ఏ వయసు బండికైనా తప్పదు.

సరిహద్దుకు రెండు వైపులా బంధుత్వాలున్నవారికి ఇంకొక చిక్కు ఉంది. పార్వతీపురంలోని బావగారి బండిని రాయగడకు తెచ్చుకుని ఆంధ్ర నంబరు మీదే ఏళ్ల తరబడి తిప్పుతారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 12 నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచిన బండికి అక్కడి నంబరు తీసుకోవాలి. ముందు పాత చోటి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), తరువాత కొత్తచోట పన్ను, ఆపైన రాయగడ జిల్లా ఓడీ-18 నంబరు. పదమూడు, పద్నాలుగేళ్ల బండి కొనేవారు ఈ ఖర్చునూ, ముందున్న రెన్యువల్ ఫీజునూ కలిపి బేరమాడాలి. ధర తక్కువ అనిపించిన బండ్లు చాలా వరకు ఈ లెక్క వేశాక తక్కువ ధరవి కావు.

చాసిస్ తినేసి, చేయించేందుకు వీలులేదని తేలిన బండిని పాత ఇనుము వ్యాపారికి తూకానికి అమ్మి ఊరుకోవడం సరికాదు. ఆర్‌సీ యజమాని పేరు మీదే ఉంటుంది, ఆ నంబరుతో, ఆ చాసిస్ ముక్కతో మరో బండి రోడ్డెక్కితే కేసు ఇంటికి వస్తుంది. బండి వాడకానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించాలని చట్టంలోనే ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగు కేంద్రానికి అప్పగిస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. దాన్ని చూపిస్తే సొంత వాడకపు కొత్త బండి పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చేందుకు కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. ఇంజను, గేరు బాక్సు ఇంకా బాగున్నాయి కదా అని విడిగా అమ్ముకోవాలనుకునేవారు, మొత్తం బండిని అప్పగిస్తే వచ్చే ధరనూ పన్ను రాయితీనీ ఒకవైపు, విడిభాగాలకు వచ్చే ధరను మరొకవైపు పెట్టుకుని, ఆర్‌సీ రద్దు కాగితం చేతికి వచ్చే దారినే ఎంచుకోవాలి.